బల్లకు ఇవతలి తెర

మంత్రాలయమును గురించి చెప్పుకొనే కథలలో మన్రో దొర కథ ఒకటి. 1800లో నిజాము నవాబు దత్తమండలములను ఈస్టిండియా కంపెనీకి వదలుకొన్న తరువాత థామస్ మన్రో వాటికి ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 వరకు పనిచేసినాడు. అప్పటికి మంత్రాలయమునకు మంచాల అని పేరు. అది ఆదోని తాలూకాలోని ఒక గ్రామము. మఠమునకు చెందిన మాన్యమును విచారించుటకై దొర అక్కడికి వచ్చి, టోపీ తీసి, చెప్పులు విడిచి బృందావనము ఎదుట నిలిచినాడట. 1671లో బృందావన ప్రవేశము చేసిన రాఘవేంద్రస్వామి ఆయనకు దర్శనమిచ్చి మాట్లాడినారట. దొర బదులు చెప్పుతూనే ఉన్నాడు. వెంట వచ్చిన గుమాస్తాలకు మాత్రము ఎవరూ కనిపించలేదు, ఏ మాటా వినిపించలేదు. మాన్యము నిలిచినది.

కథలోని నిజానిజములను తేల్చుట నా ఉద్దేశము కాదు. నాకు ఆ కథ విన్నప్పుడెల్ల గుర్తుకు వచ్చేది ఆ గుమాస్తాల అవస్థ. వ్యవహారము తమ కళ్ల ఎదుటనే జరుగుతున్నది. కాని కనిపించేది ఒక్కరికే.

కచేరీలో బల్లకు ఇవతల నిలిచిన రైతు అవస్థ కూడ చాలకాలము ఇటువంటిదే. మన్రో కాలములో ఈ సీమలో పొలము పొలమునూ కొలిచి, పేరు పేరునా పన్ను కట్టి, రైతువారీ పద్ధతిని నెలకొల్పినారు. పట్టా రైతు చేతికి వచ్చినది కాని అడంగలు మాత్రము కరణము ఇంటిలో గుడ్డమూటలోనే ఉండిపోయినది. అందులో తన పేరు ఏమని వ్రాసినారో, తన మడి ఎంతని వ్రాసినారో రైతు చూచినది తక్కువ. చూపినా చదువగలిగినవారు ఇంకా తక్కువ. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వంశపారంపర్యపు కరణీకములను రద్దు చేసినది. 1998లో రిజిస్ట్రేషను ఆఫీసులకు కంప్యూటర్లు వచ్చినవి. దస్త్రము పోయి తెర వచ్చినది. అయితే ఆ తెర ముఖము గుమాస్తా వైపు, వీపు రైతు వైపు!

ఆ వీపును చూస్తూ నిలబడిన మనిషికి కూడ ఒక తెర కావలెనన్న ఆలోచన ఎట్లు వచ్చినది, ఒకే యంత్రమునకు రెండు తెరలు ఎట్లు అమరినవి అన్నదే ఈనాటి ప్రసంగము. యంత్రముల పేర్లు కొన్ని దొర్లుతవి. శ్రోతలు బెదరవలదు. మన ఇండ్లలోని ఉమ్మడి కాపురములను ఎరిగినవారికి ఇందులో తెలియని సంగతి ఏమీ లేదు.

1981 ఆగస్టు 12వ తేదీన అమెరికాలో ఐబీఎం కంపెనీవారు బల్లమీద పెట్టుకొనదగిన కంప్యూటరును ప్రకటించినారు. తెర తనంత తాను ఏమీ ఎరుగదు. యంత్రము లోపల కొంత మెమరీని, అనగా జ్ఞాపకపు గదులను, తెర కొరకు కేటాయిస్తారు. ఏ గదిలో ఏ అక్షరము ఉన్నదో తెరమీద ఆ చోట ఆ అక్షరము వెలుగుతుంది. సెకనుకు 50, 60 సార్లు ఆ గదులను చదివి తెరకు అందించే పరికరమునకే గ్రాఫిక్స్ కార్డు అని పేరు. ఐబీఎం వారు రెండు విధముల కార్డులను అమ్మినారు. ఒకటి వ్రాతపనికి: వరుసకు 80 అక్షరములు, 25 వరుసలు, ఆకుపచ్చని వెలుగు, బొమ్మలు గీయుట దానికి చేతకాదు. రెండవది రంగులకు: బొమ్మలు గీస్తుంది కాని అక్షరము మొరటుగా ఉంటుంది. ఆఫీసులవారు మొదటి దానిని, ఆటపాటలవారు రెండవ దానిని కొనుక్కొన్నారు.

ఈ రెండు కార్డులకూ కేటాయించిన గదుల నంబర్లు వేరు వేరు. ఒకే వీధిలో రెండు ఇండ్లకు రెండు నంబర్లు ఉంటే తపాలా బంట్రోతు తడబడడు గదా! అందుచేత రెండు కార్డులనూ ఒకే యంత్రములో గుచ్చి, రెండు తెరలను తగిలించుటకు మొదటి రోజునుండే వీలు ఉండినది. 1983లో వచ్చిన లోటస్ 1-2-3 అనే లెక్కల ప్రోగ్రాము ఈ సదుపాయమును చక్కగా వాడుకొన్నది. ఆకుపచ్చ తెరమీద అంకెల పట్టిక, పక్కనున్న రంగుల తెరమీద ఆ అంకెల రేఖాచిత్రము. ప్రోగ్రాములు వ్రాసేవారు కూడ ఒక తెరమీద ప్రోగ్రామును నడిపించి, రెండవ తెరమీద దాని తప్పులను వెదకుకొనేవారు. కాబట్టి రెండు తెరల కంప్యూటరు నిన్న మొన్నటి వింత కాదు. కాకుంటే ఆ రెండు తెరలూ ఒకే మనిషి వైపు తిరిగి ఉండేవి.

ఇక్కడ మన భాష సంగతి ఒకటి చెప్పవలసి ఉన్నది. ఆ ఆకుపచ్చ తెర కార్డులో అక్షరముల అచ్చులు పోతపోసినట్లు స్థిరముగా ఉండేవి. ఆ అచ్చులలో లేని అక్షరము దానికి రాదు. అచ్చుపెట్టెలో లేని అక్షరమును కంపోజిటరు ఎక్కడనుండి తేగలడు? ఈ ఇబ్బందిని మొట్టమొదట గట్టిగా ఎదుర్కొన్నవాడు వాన్ సువన్నుకుల్ అనే థాయి దేశస్థుడు. తన భాషలో వ్రాసుకొనవలెనన్న పట్టుదలతో ఆయన స్వయముగా ఒక కార్డును తయారుచేసినాడు. అక్షరముల చక్కదనము చెడకుండా, ప్రతి చుక్కనూ విడిగా వెలిగించగల కార్డు అది. 1982లో హెర్క్యులీస్ అనే పేరుతో కంపెనీ పెట్టి దానిని అమ్మినాడు. తన లిపి కొరకు ఒక మనిషి చేసుకొన్న పరికరము ప్రపంచములోని ఆఫీసులన్నింటికీ పనికివచ్చినది. నాకు ఈ చరిత్ర అంతటిలో బాగా ఇష్టమైన ఘట్టము ఇదే.

మన దేశములో ఆ పని కాన్పూరు ఐఐటీలో జరిగినది. 1983లో ఢిల్లీలో జరిగిన ప్రపంచ హిందీ సమ్మేళనము నాటికి వారు దేవనాగరి కంప్యూటరు నమూనా ఒకటి సిద్ధము చేసినారు. ఆ కృషిలో మోహన్ తాంబే ముఖ్యుడు. 1988లో పూనాలో నెలకొన్న సీడాక్ సంస్థ దానిని ముందుకు నడిపి, జిస్ట్ అనే కార్డును తయారుచేసినది. దానిని యంత్రములో గుచ్చితే, ఇంగ్లీషు కొరకు వ్రాసిన ప్రోగ్రాములు కూడ తెలుగును, కన్నడమును, హిందీని తెరమీద చూపగలిగినవి. అక్షరము కింద ఒత్తు, పైన గుడి, పక్కన దీర్ఘము అన్నీ ఆ కార్డే అమర్చేది. 1991లో భారత ప్రమాణముల సంస్థ మన లిపుల సంకేతములను ఇస్కీ అనే పేరుతో స్థిరపరచినది. ఆ సంవత్సరమే యూనికోడ్ మొదటి సంపుటము తెలుగుతో సహా వెలువడినది. 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చిన తరువాత తెలుగు కొరకు వేరే కార్డు కొననవసరము లేకపోయినది. తెలుగు తెరమీదికి రావలెనంటే ఒకప్పుడు యంత్రములో ఒక ప్రత్యేకమైన పలకను గుచ్చవలసి ఉండేదని ఈనాటి పిల్లలకు చెప్పితే నవ్వుతారు.

మరల రెండు తెరల దగ్గరకు వస్తాము. 1987లో ఐబీఎం వారే వీజీఏ అనే కొత్త పద్ధతిని తెచ్చినారు. అది అందరి కార్డులకూ నమూనా అయినది. చిత్రమేమంటే ఆ ఏకత్వమే రెండవ తెరకు చేటు తెచ్చినది. కార్డులన్నీ ఒకే ఇంటి నంబరును చెప్పుకొనసాగినవి. ఒక యంత్రములో అటువంటివి రెండు పెడితే తపాలా బంట్రోతు దిక్కు తోచక నిలిచిపోతాడు. అదే 1987లో ఆపిల్ కంపెనీ వారి మాకింటాష్ 2 యంత్రములో మాత్రము అనేక కార్డులు గుచ్చి, తెరలన్నింటినీ ఒకే పొడవైన బల్లవలె వాడుకొనుటకు వీలు ఉండినది. అది సామాన్యులకు అందని ఖరీదు. విండోస్‌లో ఆ వీలు 1998లో వచ్చినది. ఆ సంవత్సరము జూనులో వెలువడిన విండోస్ 98 తొమ్మిది తెరల వరకు ఒప్పుకొన్నది. మరుసటి ఏడు మాట్రాక్స్ కంపెనీవారు ఒకే కార్డుకు రెండు తెరలు తగిలించే జీ400ను అమ్మకమునకు పెట్టినారు.

1999లోనే మరొక మార్పు వచ్చినది. మన చిన్న ఊళ్ల అంగళ్లకు, ఆఫీసులకు తగిలినది ఇదే. ఇంటెల్ కంపెనీ వారు 810 అనే చిప్‌సెట్‌లో గ్రాఫిక్స్‌ను చేర్చి అమ్మినారు. అనగా వేరే కార్డు కొననక్కరలేదు. మదర్‌బోర్డులోనే ఆ శక్తి ఉంటుంది. యంత్రము చవక అయినది. దీనినే అంతర్గత గ్రాఫిక్స్ అందాము. ఇది ఉమ్మడి కుటుంబము వంటిది. దీనికి సొంత గాదె ఉండదు. యంత్రపు మెమరీ అనే ఉమ్మడి గాదె నుండే గింజలు తీసుకొంటుంది. విడిగా కొని గుచ్చే కార్డు వేరు కాపురము: దాని మెమరీ దానిది, దాని వంట దానిది. 2010లో ఈ అంతర్గత గ్రాఫిక్స్ ప్రాసెసరు గూటిలోనికి, 2011లో ఏకముగా ప్రాసెసరు పలుకులోనికే చేరినది. వ్రాతకోతలకు, లెక్కలకు ఇది చాలును. పెద్ద బొమ్మలు, సినిమా కత్తిరింపులు, ఆటలు కావలెననుకొన్నవారే కార్డు కొంటారు.

కార్డు కొని గుచ్చినప్పుడు చిక్కు వస్తుంది. యంత్రము మేలుకొనగానే మొట్టమొదట బయాస్ అనే చిన్న ప్రోగ్రాము నడుస్తుంది. కొత్త కాపురము కనబడగానే అది, ఇక పాత పొయ్యితో పని యేమని దానిని ఆర్పివేస్తుంది. చాల మదర్‌బోర్డులకు ఇది పుట్టు స్వభావము. అప్పుడు మదర్‌బోర్డు వెనుకనున్న కన్నమునకు తగిలించిన తెర నల్లగా ఉండిపోతుంది. తెర చెడినదని కొందరు, కేబులు చెడినదని కొందరు కొత్తవి కొంటారు. ఒకానొక కాలములో ఇందులో విండోస్ దోషమూ కొంత ఉండినది. 2007లో అందరి చేతికి వచ్చిన విండోస్ విస్టా, రెండు గ్రాఫిక్స్‌లకూ ఒకే డ్రైవరు ఉంటేనే గాని పనిచేయనన్నది. ఒక కంపెనీ చిప్పు, మరొక కంపెనీ కార్డు ఉంటే కుదరదు. 2009లో వచ్చిన విండోస్ 7 ఆ పట్టు విడిచినది. రెండూ కలిసి పనిచేయవన్న మాట ఆ రెండు మూడేండ్లలో పాతుకొన్నదే. ఇప్పటికీ దానిని వేదవాక్యముగా చెప్పే మెకానిక్కులు ఉన్నారు.

తెర గుమాస్తాకే కాదు, ఎదుటి మనిషికీ ఉండవలెనన్నది మన దేశములో పెద్దయెత్తున నియమమైనది ఆధార్‌తోనే. భారత విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థ 2009లో ఏర్పడినది. 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని నందుర్బార్ జిల్లా టెంభలీ గ్రామములో మొదటి సంఖ్యలు ఇచ్చినారు. నమోదు కేంద్రమునకు కావలసిన సామగ్రిలో వేలిముద్రల పరికరము, కనుపాప పరికరము, కెమెరాలతో పాటు ప్రజల వైపు తిరిగిన రెండవ మానిటరును కూడ ఆ సంస్థవారు చేర్చినారు. ఆపరేటరు టైపు చేసిన పేరు, ఊరు, పుట్టిన తేదీ సరిగా ఉన్నవో లేవో ఆ మనిషే చూచుకొనవలెనని దాని ఉద్దేశము. ఏ మేధావి ఆలోచించినాడో గాని, కరణము గుడ్డమూటను విప్పి రైతు ముందు పరచినంత పని.

మన ప్రాంతములో దీని విలువ ఎంతటిదో ఒక్క పేరుతో చెప్పవచ్చును. కౌతాళం మండలము ఉరుకుందలోని ఈరన్నస్వామి పేరు పెట్టుకొన్నవారు మంత్రాలయము, కోసిగి, ఆదోని ప్రాంతములలో వీధికి నలుగురైనా ఉంటారు. ఇంగ్లీషులో ఆ పేరును ఈ, ఆర్, ఏ, రెండు ఎన్‌లు, ఏ అని వ్రాయుట వాడుక. నమోదు ప్రోగ్రాము ఇంగ్లీషు స్పెల్లింగు నుండి తెలుగును తానే తయారుచేస్తుంది. పొట్టి ఎకారమో, దీర్ఘమైన ఈకారమో దానికేమి తెలుసును? 'ఎరన్న' అని వ్రాసి ఊరుకొంటుంది. పట్టాలో ఈరన్న, కార్డులో ఎరన్న! పింఛను దగ్గర, బ్యాంకి దగ్గర, పంట నష్టపరిహారము దగ్గర ఈ ఒక్క అక్షరము కొరకు ఎన్ని దినముల కూలి పోగొట్టుకొనవలెనో అనుభవించినవారికే తెలుసును. టైపు చేస్తున్నప్పుడే చూచి 'అది కాదు, ఇది' అని చెప్పగలిగితే ఆ బాధ లేదు.

కొంతకాలము క్రిందట పనిమీద మంత్రాలయము పోయి, తిరిగి వస్తూ ఒక ఊరిలో ఆగినాను. ఫోటోలు, పెళ్లిపత్రికలు, దరఖాస్తులు అన్నీ ఒకచోటనే చేసే అంగడి. బల్లమీద రెండు తెరలు: కుర్రవానివైపు కొత్తది, జనమువైపు పాత మానిటరు. పాతది నల్లగా ఉన్నది. ఒక పెద్దాయన మనుమని వెంటబెట్టుకొని పింఛను దరఖాస్తు కొరకు వచ్చి దానినే చూస్తున్నాడు.

"ఏమప్పా, నా పక్క టీవీ ఎలగకుండాదే? నా పేరు సరిగ్గా రాసింది లేంది నాకెట్ల తెలుస్తాది?"

"కొత్త కార్డు ఏసినాము పెద్దాయనా. అది ఏసినప్పటి నుంచి ఈ టీవీ రాలేదు. రెండూ కలిసి పని చెయ్యవంట," అన్నాడు అంగడివాడు. పెళ్లిపత్రికల బొమ్మల కొరకు కార్డు కొన్నాడు; కొత్త తెర కేబులును దానికి తగిలించినాడు; పాత మానిటరుకు వీజీఏ కేబులు తప్ప మరొకటి లేనందున అది మదర్‌బోర్డు కన్నములోనే ఉండిపోయినది. మెకానిక్కు వచ్చి కలియవని చెప్పి, రాకపోకల కూలి తీసుకొని పోయినాడట.

కర్నూలులో ఇంజనీరింగు చదువుతున్న పిల్లవాడొకడు పక్కన ఫోటోల కొరకు కూర్చొని ఉండినాడు. "అన్నా, నేను చూడొచ్చునా?" అని అడిగి, యంత్రమును ఆపి, మరల వేసి, మేలుకొనే సమయములో డిలీట్ మీటను నొక్కుతూ బయాస్ లోనికి పోయినాడు. అక్కడ అంతర్గత గ్రాఫిక్స్ అన్న వరుసలో 'ఆటో' అని ఉన్నది. దానిని 'ఎనేబుల్డ్' అని మార్చినాడు. కొన్ని బోర్డులలో దీనినే 'ఐజీపీయూ మల్టీ మానిటర్' అని వ్రాస్తారట. మొదట ఏ తెర వెలగవలెనన్న ప్రశ్నకు కార్డునే ఉంచినాడు. విండోస్ లేచిన తరువాత ఇంటెల్ వారి డ్రైవరును వేసినాడు. అంతే! పాత మానిటరు వెలిగినది. కొన్ని ప్రాసెసర్లలో అసలు అంతర్గత గ్రాఫిక్సే ఉండదని, పేరు చివర ఎఫ్ అనే అక్షరము ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లు అటువంటివని, వాటికి ఈ వైద్యము పనిచేయదని కూడ చెప్పినాడు.

అంగడిలోనివారు సంతోషించినారు గాని పెద్దాయన సంతోషించలేదు. ఆయన తెరమీద నీలపు రంగు గోడ బొమ్మ తప్ప ఏమీ లేదు.

"ఎలిగింది గానీ, నా పేరు లేదే ఇందులో?"

ఆ ప్రశ్న నాకు చాల పెద్దదిగా తోచినది. తెర ఉండుట వేరు, తెరలో తన సంగతి ఉండుట వేరు. రెండు తెరలను వాడుటకు రెండు పద్ధతులు ఉన్నవి. ఒకటి ప్రతిబింబ పద్ధతి: ఇక్కడ కనిపించినదే అక్కడ కనిపిస్తుంది, గుమాస్తా దాచుటకు వీలులేదు. రెండవది విస్తరణ పద్ధతి: రెండు తెరలూ కలిసి ఒకే పొడవైన బల్ల, గుమాస్తా అటువైపు జరిపినది మాత్రమే అటువైపు కనిపిస్తుంది. రెండు తెరలూ ఒకే గ్రాఫిక్స్‌కు తగిలి ఉంటే రెండు పద్ధతులూ కుదురుతవి. ఒకటి కార్డుకు, ఒకటి మదర్‌బోర్డుకు తగిలినప్పుడు సామాన్యముగా విండోస్‌లో విస్తరణయే గాని ప్రతిబింబము కుదరదు. వేరు వేరు పొయ్యిల మీద వండిన వంట ఒకే వంట ఎట్లు అవుతుంది? కార్డు గీసిన బొమ్మ విస్తరణలో అటువైపు తెరకు పోవలెనంటే దానిని మోసి ఉమ్మడి గాదెలో దించవలెను. సినిమాలు, ఆటలు అక్కడ కొంచెము కుంటుపడేది అందుకే. దరఖాస్తు అక్షరములకు అది లెక్కలోనిది కాదు.

అంగడి కుర్రవాడు దరఖాస్తు ఉన్న కిటికీని మౌసుతో పట్టి అటువైపు తెరమీదికి ఈడ్చినాడు. తాను మెడ వంచి చూస్తూ టైపు చేయవలసి వచ్చినది. కొంచెము విసుగుకొన్నాడు కూడ. మనుమడు ఒక్కొక్క అక్షరమునూ చదివినాడు. పేరు దగ్గర ఆగి, "తాతా, ఎకారం ఏసినారు" అన్నాడు. దిద్దినారు. పుట్టిన సంవత్సరము దగ్గర మరల ఆగినారు. అక్కడ తాతకు, మనుమనికి మధ్యనే వాదము జరిగినది. యంత్రము దోషము అందులో ఏమీ లేదు.

పోయే ముందు ఆ ఇంజనీరింగు పిల్లవాడు అంగడివానికి మరొక ఉపాయము చెప్పినాడు. కార్డులో ఖాళీగా ఉన్న హెచ్‌డీఎంఐ కన్నమునకు చిన్న కన్వర్టరు ఒకటి తగిలించి, పాత మానిటరు వీజీఏ కేబులును దానికి గుచ్చితే రెండు తెరలూ కార్డు మీదికే వస్తవి. అప్పుడు విండోస్ మీటతో పాటు పీ నొక్కి 'డూప్లికేట్' అని ఎన్నుకొంటే ఈడ్చుట, మెడ వంచుట ఏవీ అక్కరలేదు. ఖర్చు కొద్ది వందల రూపాయలు. అంగడివాడు ఒక పెళ్లిపత్రిక వెనుక 'ఆదోని నుండి కన్వర్టరు' అని వ్రాసుకొని, గల్లాపెట్టె మూతకు అంటించినాడు.